మొదటి ఆల్బమ్ మొదటిది కాదు

“ఏ బ్యాండ్‌కైనా మొదటి ఆల్బమే గొప్పది. అందులో ఫ్రెష్‌నెస్ ఉంటుంది. తర్వాత అంతా డబ్బు యావే.” పాటల గురించి నలుగురు కూర్చుంటే ఈ మాట అనేవాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. మా బ్యాచ్‌లో అయితే ఇద్దరున్నారు. ఇందులో మొదటి ముక్క నేనూ ఒప్పుకుంటాను. నేను మళ్ళీ మళ్ళీ వినే వాటిలో సగానికి పైగా తొలి ఆల్బమ్‌లే. నా పేచీ అంతా ఆ ఫ్రెష్‌నెస్‌తోనే. లోకం తెలియని కుర్రాళ్ళు ఏదో ఊపులో వాయించేస్తే అద్భుతం పుట్టేసిందని అనుకోవడం బాగానే ఉంటుంది గానీ, ఆ ఆల్బమ్‌ల వెనక ఏం జరిగిందో చూస్తే ఎక్కడా అలా కనపడదు. వినే మనకే అది కొత్త. వాళ్ళు అప్పటికే ఆ పాటల్ని వాయించీ వాయించీ విసుగెత్తి ఉన్నారు. ఈ సంగతి విశాఖపట్నంలో కూర్చుని చెప్పడానికి నాకు వేరే కారణం కూడా ఉంది. దానికి తర్వాత వస్తాను.

ముందు అందరికీ తెలిసిన బీటిల్స్ ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ తీసుకుందాం. 1963 ఫిబ్రవరి 11న లండన్ ఈఎంఐ స్టూడియోలో పొద్దున్న పదింటికి మొదలుపెట్టి, రాత్రి పదిన్నర దాటేసరికి పది పాటలు రికార్డు చేసేశారు. ఆల్బమ్‌లో మొత్తం పద్నాలుగు. మిగతా నాలుగూ అంతకుముందే రెండు సింగిల్స్‌గా, అంటే విడి పాటల రికార్డులుగా వచ్చినవి. బ్యాండ్ గాయకుల్లో ఒకడైన జాన్ లెనన్‌కి ఆ రోజు జలుబు. గొంతు చీరుకుపోయే ‘ట్విస్ట్ అండ్ షౌట్’ని అందుకే ఆఖరికి ఉంచారు. మనం వినేది మొదటి టేకే. ఈ కథ చెప్పి మావాళ్ళు “చూశావా, అదీ కుర్రతనం అంటే” అంటారు. సరే, ఆ కుర్రతనానికి ముందు ఏముంది? 1960 నుంచి 1962 దాకా హాంబర్గ్‌కి మళ్ళీ మళ్ళీ వెళ్ళి, ఓడ దిగిన కళాసీలు తాగి గొడవపడే క్లబ్బుల్లో రాత్రికి ఆరేసి, ఏడేసి గంటలు వాయించడం ఉంది. తాగినవాడి చూపు స్టేజీ మీదికి తిప్పాలంటే పాట మొదటి పది సెకన్లలోనే పట్టుకోవాలి. ఈ విద్య ఏ స్టూడియోలోనూ నేర్పరు.

ఆల్బమ్‌లో మొదటి పాట ఎలా మొదలవుతుందో గుర్తు తెచ్చుకోండి. పాల్ మెకార్ట్‌నీ “వన్, టూ, త్రీ, ఫోర్” అని అరుస్తాడు. మామూలుగా అయితే ఈ లెక్కపెట్టుకోవడాన్ని ఎడిటింగ్‌లో కోసేస్తారు. నిర్మాత జార్జ్ మార్టిన్ కోయకపోగా, వేరే టేకులో ఇంకా బాగా వచ్చిన అరుపుని తెచ్చి ఈ టేకు ముందు అతికించాడు. అంటే మనం ఫ్రెష్‌నెస్ అని మురిసిపోయే ఆ ఒక్క సెకను కూడా కత్తెర పని. ఇది తెలిసినప్పుడు నాకు ఆ ఆల్బమ్ మీద గౌరవం ఇంకా పెరిగింది. మా ఫ్రెండ్‌కి మాత్రం కోపం వచ్చింది.

హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్‌ది ఇంకా ముతక కథ. బీటిల్స్ 1962లో వాయించిన హాంబర్గ్ స్టార్ క్లబ్‌లోనే, 1969లో ఈ బర్మింగ్‌హామ్ కుర్రాళ్ళు ‘ఎర్త్’ అన్న పేరుతో రోజుకి ఎన్నో సెట్లు వాయించారు. ఆ ఏడాది అక్టోబరులో లండన్‌లో ఒక్క రోజులో ఆల్బమ్ ముగించారు. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, అది బయటికి వచ్చింది. స్టేజీ మీద రోజూ చేసేదే స్టూడియోలో చేశామని గిటారిస్టు టోనీ అయోమీ చాలాసార్లు చెప్పాడు. వాన చప్పుడూ గంట చప్పుడూ మాత్రం తర్వాత కలిపారు.

అయోమీకి పదిహేడేళ్ళప్పుడు రేకుల ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. అదీ ఆ ఉద్యోగంలో ఆఖరి రోజున. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి గిటారు తీగలు నొక్కాల్సింది ఆ కుడిచెయ్యే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకి తొడుగులు చేసుకుని, వాటి మీద తోలు అతికించి, పల్చటి తీగలు బిగించుకుని మళ్ళీ మొదటి నుంచీ నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆ ఆల్బమ్‌లో బ్యాండ్ పేరుతోనే ఉన్న తొలి పాట వినండి. మూడే స్వరాలు. ఒక్కో స్వరం మీద ఎంతసేపు నిలబడతాడో చూడండి. కొత్తగా వాయించేవాడు ఖాళీ కనపడితే చాలు నింపేస్తాడు, నాలుగు వేళ్ళూ పరిగెత్తించి తన సత్తా చూపించాలనుకుంటాడు. అలా ఆగే ధైర్యం ఎన్నో రాత్రులు వాయించాకే వస్తుంది. అప్పటి విమర్శకులు ఆ ఆల్బమ్‌ని చీల్చి చెండాడారు, అయినా బ్రిటన్‌లో టాప్ టెన్‌లోకి వెళ్ళింది. మన గాజువాక ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసేవాళ్ళకి వినిపిస్తే జడుసుకోరు, “బేరింగు పోయినట్టుంది, ఓసారి చూడండి” అంటారేమో. 2025 జులై 5న బర్మింగ్‌హామ్‌లో ఆఖరి కచేరీ చేసి అదే నెల 22న ఆ బ్యాండ్ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ పోయినప్పుడు, నేను వేరే ఆల్బమ్‌ల జోలికి పోలేదు. దీన్నే పెట్టుకున్నాను.

నాకు అన్నిటికన్నా దగ్గరది డైర్ స్ట్రెయిట్స్ తొలి ఆల్బమ్, 1978లో వచ్చింది. నా చేతికి మాత్రం చాలా ఏళ్ళ తర్వాత, జగదాంబ దగ్గర ఒక క్యాసెట్ల కొట్లో దొరికింది. ఓడల్లో పనిచేసేవాళ్ళు బయటి దేశాల నుంచి తెచ్చిన ఒరిజినల్ క్యాసెట్లు ఆయన దగ్గర ఉండేవి. మనం 90 నిమిషాల ఖాళీ క్యాసెట్ ఇస్తే, వైపుకొక ఆల్బమ్ ఎక్కించి, లోపలి అట్ట మీద పాటల పేర్లు బాల్‌పెన్నుతో పెద్దక్షరాల్లో రాసిచ్చేవాడు. ఈ ఆల్బమ్ నలభై ఒక్క నిమిషాల చిల్లర. క్యాసెట్ వైపుకి 45. మిగిలిన మూడు నాలుగు నిమిషాలు ఖాళీగా వదలడానికి ఆయనకి ప్రాణం ఒప్పేది కాదు. కస్టమర్ డబ్బిచ్చాడు కదా, టేపు ఎందుకు దండగ చెయ్యాలి? అందుకని ఆఖరి పాట ‘లయన్స్’ అయిపోగానే ఒక ఇళయరాజా పాట పెట్టేశాడు. అది రెండో చరణం మధ్యలో టప్పున ఆగిపోయేది. ఇప్పటికీ ఫోన్‌లో ‘లయన్స్’ అయిపోయాక నా చెవి ఆ వయొలిన్ల కోసం ఎదురుచూస్తుంది.

ఆల్బమ్ వచ్చేనాటికి ఆ బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు మార్క్ నాఫ్లర్‌కి ముప్పై దగ్గర పడుతున్నాయి. పత్రికలో విలేకరిగా చేశాడు, కాలేజీలో పాఠాలు చెప్పాడు, సందు దొరికినప్పుడల్లా పబ్బుల్లో వాయించాడు. ‘సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్’ పుట్టింది కూడా ఒక పబ్బులోనే. వాన కురుస్తున్న రాత్రి, జనం లేరు, ఓ మూల అంతంతమాత్రం జాజ్ బృందం ఒకటి వాయిస్తోంది. అంతా అయ్యాక వాళ్ళ నాయకుడు మైకు దగ్గరికొచ్చి, తమ పేరు ‘స్వింగ్ సుల్తానులు’ అని దర్జాగా ప్రకటించుకున్నాడు. ఎదురుగా ఖాళీ కుర్చీలు, వీళ్ళేమో సుల్తానులు. నాఫ్లర్‌కి పాట దొరికింది. ఆ పాటలో హ్యారీ అని ఒకడున్నాడు. పగలు ఉద్యోగం చేసుకుంటాడు, స్టార్ అవ్వాలన్న తాపత్రయం లేదు, రాత్రయితే వచ్చి వాయించుకుంటాడు. ఇరవై ఏళ్ళ కుర్రాడు రాసి ఉంటే హ్యారీని వెటకారం చేసేవాడు. నాఫ్లర్ చెయ్యలేదు, ఎందుకంటే అప్పటికి తనూ ఇంచుమించు హ్యారీయే. 1977లో వాళ్ళు చేసిన డెమోని, అంటే మచ్చు రికార్డింగుని, బీబీసీ రేడియో లండన్‌లో చార్లీ జిలెట్ వేశాక కంపెనీలు వెంటపడ్డాయి. పాట మాత్రం వెంటనే ఆడలేదు. 1979లో అమెరికాలో ఎక్కాకే ఇంగ్లండ్‌వాళ్ళు కళ్ళు తెరిచారు.

అమెరికన్ గాయని ట్రేసీ చాప్‌మన్‌ది కూడా ఇలాంటిదే. 1988 ఏప్రిల్‌లో ఆల్బమ్ రావడానికి ముందు ఆవిడ బోస్టన్ పక్కన వీధుల్లో నిలబడి పాడింది. ఆ జూన్‌లో లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా 70వ పుట్టినరోజు కచేరీ జరిగింది. గాయకుడు స్టీవీ వండర్ పరికరంలో ఏదో ముఖ్యమైన భాగం కనపడక ఆయన స్టేజీ ఎక్కనంటే, ఖాళీ పూడ్చడానికి ఈవిడని మళ్ళీ పిలిచారు. గిటారు ఒక్కటి పట్టుకుని ‘ఫాస్ట్ కార్’ పాడింది, స్టేడియం నిశ్శబ్దం అయిపోయింది. దారినపోయేవాళ్ళని ఆపడం నేర్చుకున్నవాళ్ళకి స్టేడియం ఒక లెక్కా! మన హిందీ పాప్ గాయకుడు లక్కీ అలీ తొలి ఆల్బమ్ ‘సునో’ 1996లో వచ్చేసరికి ఆయన నలభైకి దగ్గర పడుతున్నాడు. ‘ఓ సనమ్’ వీడియోలో పిరమిడ్లు చూసి మేమంతా ఆయన్ని కుర్రాడనుకున్నాం. ఆ గొంతులోని అలుపు నటన కాదు.

ఇక సినిమాకి వద్దాం, తెలుగువాళ్ళం కదా, రాకుండా ఎలా ఉంటాం. ‘రోజా’ 1992లో వచ్చినప్పుడు ఏ.ఆర్.రెహమాన్‌కి 25 ఏళ్ళు. మొదటి సినిమాకే జాతీయ అవార్డు. “ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాడీ కుర్రాడు?” అని అందరూ అన్నారు. ఎక్కణ్ణుంచీ ఊడిపడలేదు. తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు, చిన్నతనంలోనే కీబోర్డు పట్టుకుని రికార్డింగులకి వెళ్ళాడు. మన రాజ్-కోటి దగ్గరా వాయించాడు. ప్రకటనల జింగిల్స్ చేశాడు, ఇంటి వెనకే స్టూడియో కట్టుకున్నాడు. అర నిమిషంలో ఒక వస్తువుని అమ్మడం నేర్చుకున్నవాడికి ‘చిన్ని చిన్ని ఆశ’ మొదటి మూడు సెకన్లలో మనల్ని పట్టేయడం పెద్ద పనా? మంచి స్పీకర్లలో పెట్టి గొంతు వదిలేసి కింద బేస్ ఏం చేస్తోందో ఒక్కసారి వినండి. ఇళయరాజా తొలి సినిమా ‘అన్నక్కిళి’ 1976లో వచ్చేసరికి ఆయనకి ముప్పై దాటాయి. అన్నయ్య వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి, మద్రాసులో జి.కె.వెంకటేశ్ దగ్గర ఏళ్ళ తరబడి అసిస్టెంటుగా చేసి వచ్చినవాడాయన.

“మరి దేవిశ్రీ ప్రసాద్? ‘దేవి’ చేసేటప్పటికి పట్టుమని ఇరవై ఏళ్ళు లేవు కదా” అని మావాడు ఒక బాణం వేశాడు. నిజమే. కానీ చిన్నప్పటి నుంచీ మాండొలిన్ శ్రీనివాస్ దగ్గర నేర్చుకున్నవాణ్ణి కొత్తవాడనడం నాకు చేతకాదు. నా వాదనకి అసలు ఇబ్బంది ఇంగ్లండ్ బ్యాండ్ రేడియోహెడ్‌తో. స్కూలు రోజుల నుంచీ కలిసి వాయించినవాళ్ళే, అయినా 1993లో వచ్చిన ‘పాబ్లో హనీ’లో ‘క్రీప్’ పక్కన పెడితే మళ్ళీ వినాలనిపించేది తక్కువ. దీనికి నాకు తోచిన జవాబు ఇది. ఏళ్ళు గడిచినంత మాత్రాన సరిపోదు, ఆ ఏళ్ళలో వాయించి ఉండాలి. కాలేజీలకి తలో దిక్కూ పోయి, సెలవుల్లో కలిసి వాయించుకున్న బ్యాండ్ అది. చదువయ్యాక తిరిగి చేరారు, చేరీ చేరగానే కంపెనీ సంతకం పెట్టించేసింది. వాళ్ళ హాంబర్గ్ ఆ ఆల్బమ్ తర్వాత, టూర్లలో జరిగింది. అందుకే రెండోది అంత బాగుంది. పూర్తిగా ఎదురు ఉదాహరణ బోస్టన్ బ్యాండ్. టామ్ షోల్జ్ అనే ఇంజనీరు పోలరాయిడ్ కంపెనీలో ఉద్యోగం చేస్తూ ఇంటి కింది గదిలో ఏళ్ళ తరబడి ఒక్కడే కూర్చుని చెక్కాడు. 1976లో వచ్చిన ఆ ఆల్బమ్ అమెరికాలోనే 1.7 కోట్లు అమ్ముడైంది. స్టేజీ లేదు, తాగుబోతులు లేరు. అయితే ఎవరూ ఎదురుచూడని కాలం మాత్రం ఆయనకీ దొరికింది. పేరొచ్చాక అదే మనిషికి మూడో ఆల్బమ్ ఇవ్వడానికి 1986 దాకా పట్టింది, మధ్యలో కోర్టు గొడవలు కూడా ఉన్నాయనుకోండి.

ఇప్పుడు మన ఊరి సంగతి. హాంబర్గూ రేవే, లివర్‌పూలూ రేవే, మనదీ రేవే. తెల్లవార్లూ వాయించేవాళ్ళు మనకీ ఉన్నారు. వినాయక చవితికి, దసరాకి, అనకాపల్లి నూకాలమ్మ జాతరకి, మల్కాపురం నుంచి గోపాలపట్నం దాకా ప్రతి గ్రామదేవత పండగకి ఆర్కెస్ట్రా ఉండాల్సిందే. ఈ ఆర్కెస్ట్రావాళ్ళని తక్కువగా చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఘంటసాల నుంచి నిన్న విడుదలైన ఐటమ్ సాంగ్ దాకా, ఏ శ్రుతిలో అడిగితే ఆ శ్రుతిలో, రిహార్సల్ లేకుండా వాయిస్తారు. మధ్యలో కరెంటు పోతుంది, కమిటీవాళ్ళు కొట్టుకుంటారు, ఎవడో స్టేజీ ఎక్కి డాన్సు చేస్తాడు, పాట మాత్రం ఆగదు. బీటిల్స్ హాంబర్గ్‌లో నేర్చుకున్నది ఇదే కదా!

పోయిన వినాయక చవితికి గాజువాక పక్కన ఒక పందిట్లో చూశాను. రెండు పాటల మధ్య పెద్దమనుషులకి శాలువాలు కప్పే కార్యక్రమం మొదలైంది. పది మందికి కప్పాలి, ఒక్కొక్కరి బిరుదులూ చదవాలి. కీబోర్డు ఆయన ఊరికే ఉండలేక ఎడమచేత్తో ఏదో మెల్లగా మొదలుపెట్టాడు. సింధుభైరవిలా వెళ్ళి, అనుకోని స్వరం ఒకటి తగిలి, మళ్ళీ వెనక్కి వచ్చేది. రిథమ్ ప్యాడ్ కుర్రాడు తలెత్తి చూసి, రెండు ఆవర్తాలు విని, ఏడు మాత్రల నడక అందుకున్నాడు. బేస్ గిటారు అతను తింటున్న మిర్చిబజ్జీ పక్కన పెట్టి వచ్చి చేరాడు. శాలువాలు అయిపోయాయి, యాంకర్ మైకు పట్టుకుని, ఏం చెప్పాలో తోచక అలాగే నిలబడిపోయింది. నాలుగు నిమిషాలుంటుందేమో. తర్వాత కమిటీ కుర్రాడెవడో “డీజే సాంగ్ వెయ్యండెహే” అని అరిచాడు.

కార్యక్రమం అయ్యాక వెళ్ళి అడిగాను. “అన్నయ్యా, ఇందాక శాలువాలప్పుడు వాయించింది ఏ సినిమాలోది?”

“అదా? ఏ సినిమాదీ కాదు తమ్ముడూ. ఊరికే అలా వాయించుకుంటాం.”

“రికార్డు చెయ్యొచ్చు కదా?”

ఆయన నవ్వాడు. “మన సొంతం ఎవుడికి కావాలి? కమిటీవోళ్ళు లిస్టు ముందే ఇచ్చేస్తారు. అచ్చం సినిమాలో లాగే ఉండాలంటారు.”

నాకు అసలు జబ్బు అక్కడే ఉందనిపిస్తుంది. మనం పాటగాణ్ణి మెచ్చుకునే తీరు చూడండి. “అచ్చం బాలుగారిలాగే పాడాడు” అన్నదానికి మించిన పొగడ్త లేదు. బీచ్ రోడ్డు కెఫేల్లో శనివారం సాయంత్రాలు గిటారు పట్టుకునే కుర్రాళ్ళ పరిస్థితీ అంతే, లిస్టు ఇంగ్లీషూ హిందీ అయిందంతే తేడా. ఆ కుర్రాళ్ళు సముద్రపు ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టకుండా పాట పాటకీ గుడ్డతో తుడుచుకుంటారు. అయినా నెల తిరక్కుండా తీగలు గరుకెక్కి, రంగు మారి, మోత చచ్చిపోతుంది. ఇంత కష్టపడి కొత్త తీగలు కొనుక్కునేది ఎవరో పాడేసిన పాటని ఇంకోసారి పాడటానికా? ఇతరుల పాటలు వాయించడం తప్పని నేననను. ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో పద్నాలుగింటికి ఆరు ఇతరుల పాటలే. మిగతా ఎనిమిది సొంతవి. మనవాళ్ళు ఆ ఎనిమిది దగ్గరికి రారు.

సినిమా మింగేసిందని తేలిగ్గా అనేయొచ్చు. మలయాళంలో సినిమా లేదా? అయినా 2008లో ‘అవియల్’ అనే బ్యాండ్ తమ పేరుతోనే తొలి ఆల్బమ్ తెచ్చింది. పొలం పాటలు, నాటు పదాలు, వాటి కింద గరుకు రాక్ గిటార్లు. మాట అర్థం కాకపోయినా కాలు ఆగదు. అదే ఏడాది కన్నడం నుంచి రఘు దీక్షిత్ తొలి ఆల్బమ్ వచ్చింది, కన్నడ తత్వకవి శిశునాళ షరీఫ్ తత్వాల్ని గిటారు మీదికి ఎక్కించి. మన ఉత్తరాంధ్రలో ముడిసరుకుకి కొదవా? గుండెల మీద గుండ్రటి తప్పెట్లు కట్టుకుని ఎగిరెగిరి వాయించే తప్పెటగుళ్ళు వినండి, డ్రమ్ కిట్ సిగ్గుపడాలి. తీగ మీటి వాయించే జముకు మోతలో ఆ సాగే గుణం బేస్ గిటారులో తేవాలంటే ఎంత సాధన కావాలి! వంగపండు ప్రసాదరావు గజ్జె కట్టి ఒక్కడే మైదానాలు నింపాడు. కానీ ఆయన పాటని బ్యాండ్‌తో ఒక ఆల్బమ్‌గా వినాలంటే, నాకైతే దొరకలేదు.

తెలుగులో ప్రయత్నాలే లేవనను. తొంభైల్లో రమణ గోగుల ‘మిస్టీ రిథమ్స్’ బ్యాండ్‌తో ‘ఏయ్ లైలా’ తెచ్చాడు. 2000లో స్మిత ‘హాయ్ రబ్బా’ వచ్చింది, టీవీలో ఎంత మోగిందో మా తరానికి గుర్తే. గోగుల మాత్రం తొంభైల చివర్లోనే సినిమాలకి వెళ్ళిపోయాడు. ‘తమ్ముడు’ పాటలు నాకూ ఇష్టమే, ఫిర్యాదు లేదు. కానీ సినిమా సంగీత దర్శకుడికి ఉండేది తొలి సినిమాయే, తొలి ఆల్బమ్ కాదు. సందర్భం దర్శకుడు చెప్తాడు, పాట హీరోకి సరిపోవాలి. ‘రోజా’ని నెత్తిన పెట్టుకుంటూనే చెప్తున్నాను, కశ్మీరు కథ లేకపోతే రెహమాన్ అప్పుడు ఏం వాయించి ఉండేవాడో మనకి తెలీదు. ట్రేసీ చాప్‌మన్ విషయంలో ఆ అనుమానం రాదు.

“ఇప్పుడు ఆల్బమ్ ఎవడు వింటాడు గురూ, రీల్ చేస్తే చాలు” అంటారు కుర్రాళ్ళు. వినేవాడి సంగతి తర్వాత. ఆల్బమ్ వాయించేవాడికే ముందు అవసరం. ఎనిమిది పాటలు ఒకచోట పెట్టాలంటే ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఏది ముందు, ఏది ఆఖరు అని బ్యాండ్ కొట్టుకుని తేల్చుకోవాలి. తమకి ఏం వచ్చో, ఏం రాదో అక్కడ బయటపడుతుంది. ముప్పై సెకన్ల రీల్‌లో అందరూ గొప్పవాళ్ళే. ఖర్చంటారా, ఒక ల్యాప్‌టాప్, మైకుల్ని దానికి కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, నాలుగు మైకులు ఉంటే ఎంవీపీ కాలనీలో ఏ డాబా గదిలోనైనా అయిపోతుంది. పక్కింటివాళ్ళకి ముందే చెప్పి, ఫ్యాన్ ఆపుకోవాలంతే.

ఆ గాజువాక అన్నయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఒక్క రోజు చాలు, సబ్బత్ వాళ్ళకి అంతే పట్టింది అన్నాను. సబ్బత్ ఎవరని అడిగాడు. లింకు పంపాను. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: “గిటారు అబ్బాయి బాగా ఆగుతున్నాడు. డ్రమ్స్ ఇంకా బాగుణ్ణు. దసరా సీజన్ అయ్యాక మాట్లాడదాం.” దసరా అయిపోయింది, ఇప్పుడు పెళ్ళిళ్ళ సీజన్ అంటున్నాడు. స్టూడియో అద్దెకి చందా వెయ్యడానికి మేం ముగ్గురం సిద్ధంగా ఉన్నాం, ఫ్రెష్‌నెస్ గురించి వాదించేవాడితో సహా. మా షరతు ఒక్కటే. చివర్లో టైము మిగిలితే ఇళయరాజా పాటతో నింపకూడదు.